కుడిపక్క దారి: జమ్మలమడుగు నుంచి కువైట్ దాకా

కువైట్‌కు డ్రైవరు పనికి పోవాలనుకునే వాళ్లు ఈ మధ్య మా ఇంటికి వచ్చి వివరాలు అడిగిపోతున్నారు. పాస్‌పోర్టుకు ఎక్కడ తిరగాలి, బొంబాయిలో ఎక్కడ పడుకోవాలి, ఓడలో ఏం తినాలి అని మొదలుపెట్టి, లేచిపోయే ముందు అందరూ ఒకటే ప్రశ్న వేస్తారు. "ఆడ కుడిపక్క తోలల్లంట గదా బాషా, అదెట్ల?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి రాసిపెడితే మేలనిపించి రాస్తున్నాను.

నా పేరు మహబూబ్ బాషా. మాది జమ్మలమడుగు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే ఒక ప్రైవేటు బస్సుకు చాలా ఏళ్లు డ్రైవరుగా ఉన్నాను. పొద్దున ప్రొద్దుటూరులో దూది వ్యాపారులు, బంగారు కొట్ల గుమాస్తాలు ఎక్కేవాళ్లు. సాయంత్రం పులివెందులలో వేరుశనగ మూటలు బస్సు పైన, మనుషులు లోపల. దారిలో ఉన్న వాగులన్నీ నాకు పేరుపేరునా తెలుసు. ఆ రోడ్డు మీద నా బస్సు ఒక్కసారి కూడా బోల్తా కొట్టలేదు. ఈ మాట గొప్పకే చెప్తున్నాను. ఆ రోడ్డు చూసినవాళ్లకు అందులో గొప్ప ఏమిటో తెలుసు.

మా అక్క భర్త గౌస్ బావ ప్రొద్దుటూరులో దర్జీ. నాకంటే ముందే అక్కను తీసుకుని కువైట్ పోయి అక్కడ కుట్టుమిషను పెట్టుకున్నాడు. ఆడపిల్లల బడికి బస్సులు నడిపే ఒక కాంట్రాక్టరుకు మంచి డ్రైవరు కావాలని తెలిసి, మా బావమరిది ఉన్నాడని నా తరఫున పూచీ పడ్డాడు. కాగితాలు వచ్చాయి. షరతు ఒక్కటే. ఇక్కడి లైసెన్సు అక్కడ చెల్లదు. బడులు తెరిచేలోగా అక్కడి పోలీసు పరీక్షలో నెగ్గాలి. నెగ్గకపోతే తర్వాతి ఓడకు తిరుగు ప్రయాణం.

ఆ మాట విని నేను నవ్వాను. పులివెందుల రోడ్డు మీద తోలినవాడికి తారురోడ్డు మీద పరీక్షా అనుకున్నాను. మా ఆవిడ ఖైరున్ మాత్రం నవ్వలేదు. పాప షమీమ్ అప్పటికి ఇంకా ఒళ్లో బిడ్డ. "పోయి రా. యాడున్నా నెమ్మదిగా తోలు" అని మాత్రం అంది.

బయలుదేరిన రోజు ఏడు గంటల బస్సుకు బజారులో సగం మంది వచ్చారు. డ్రైవర్లు, క్లీనర్లు, టీకొట్టు వాళ్లు, మిషను ఆసుపత్రిలో నా కళ్లు పరీక్ష చేసి సర్టిఫికెట్టు ఇచ్చిన కాంపౌండరు కూడా వచ్చాడు. మెడలో వేసిన పూలదండలు ముద్దనూరు స్టేషను చేరేసరికి వాడిపోయాయి గానీ తీయడానికి మనసు రాలేదు. ఇంతమంది సాగనంపాక పరీక్ష తప్పి తిరిగి రావడమంటే ఎట్లా ఉంటుందో అప్పుడే మొదటిసారి తోచింది.

ముద్దనూరులో ప్యాసింజరు ఎక్కి గుంతకల్లులో దిగాను. అక్కడ ప్లాట్‌ఫారం మీద పూరీలు తిని, సాయంత్రం బొంబాయి బండి పట్టుకున్నాను. మూడో తరగతిలో కాలు చాపుకునే చోటు లేదు. నా పక్కన షోలాపూరు నేతపనివాడు కూర్చున్నాడు. తాతల కాలంలో వలస పోయిన కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బొంబాయిలో దిగగానే ఎవరు పెట్టె పట్టుకున్నా వదలొద్దని, ముసాఫిర్‌ఖానాకు ట్రాము ఎక్కి పొమ్మని చెప్పాడు. ఆయన చెప్పినట్టే చేశాను. పోయేవాళ్లకు నేనూ అదే చెప్తాను. ముసాఫిర్‌ఖానాలో చాప, నీళ్లు, నమాజుకు చోటు ఉంటాయి. ఓడ కోసం కాచుకున్న నాలుగు రోజులూ ఆ వీధిలోనే రొట్టె, కీమా తిని గడిపాను.

ఓడలో డెక్కు మీద ప్రయాణం. ఎవరి చాప పరిచిన చోటు వాళ్లది. ముందు ఎక్కినవాళ్లు నీడ పట్టుకుంటారు కాబట్టి రేవుకు పొద్దున్నే పోవడం మంచిది. అన్నం, పప్పు ఓడలో ఇస్తారు గానీ నూనె వాసన పడదు. ఖైరున్ కట్టిచ్చిన ఎండు జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి, నిమ్మకాయ ఊరగాయ నన్ను కాపాడాయి. కరాచీ రేవులో మమ్మల్ని దిగనివ్వలేదు. మస్కట్ దగ్గర నల్లటి కొండలు నేరుగా సముద్రంలోకి దిగి ఉన్నాయి, ఒక్క చెట్టు లేదు. గండికోట దగ్గర పెన్న లోయ చూసిన కన్ను కాబట్టి కొండలకు నేను బెదరలేదు, పచ్చదనం లేకపోవడానికే బెదిరాను.

నా పక్క చాప మీద కోయా అనే మలయాళీ లారీ డ్రైవరు ఉండేవాడు. అది ఆయనకు రెండో ప్రయాణం. అరవం, హిందీ కలిపి మాట్లాడేవాడు. పరీక్ష సంగతి అడిగితే, ముందు బండి సంగతి వదిలెయ్, రోడ్డు మీద నడవడం నేర్చుకో అన్నాడు. మన ఊళ్లో రోడ్డు దాటేటప్పుడు ముందు కుడివైపు చూస్తాం, బండ్లు అటునుంచే వస్తాయి. అక్కడ ముందు ఎడమవైపు చూడాలి. మెడ నేర్చుకుంటే చేతులు తర్వాత నేర్చుకుంటాయన్నాడు. నేను తల ఊపాను గానీ ఆ మాట బరువు నాకు తెలియలేదు.

కువైట్‌లో దిగిన మధ్యాహ్నమే తెలిసింది. గౌస్ బావతో బజారులో నడుస్తూ, కుడివైపు చూసి, రోడ్డు ఖాళీగా ఉందని కాలు పెట్టాను. బావ నా చొక్కా కాలరు పట్టి వెనక్కి లాగాడు. ఎడమవైపు నుంచి వచ్చిన కారు నా ముందు నుంచి దూసుకుపోయింది. బావ నా కాలరు సర్దాడు. తర్వాత "రేపటి నుంచి నువ్వు కొత్తగా పుట్టినావనుకో" అన్నాడు.

నిజంగా అట్లాగే అయింది. బస్సుల షెడ్డులో నాకు చూపించిన బండి అమెరికాది, పెద్దది. స్టీరింగు ఎడమపక్క. మనుషులు ఎక్కే తలుపు కుడిపక్క. గేరు కుడిచేత్తో మార్చాలి. షెడ్డు ఆవరణలో తిప్పడానికి ఎక్కి కూర్చున్నాను. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా నా ఎడమచెయ్యి పోయి తలుపుకు తగిలింది. అది రెండు రోజుల్లో సర్దుకుంది. అసలు బాధ వేరు. మన ఊళ్లో డ్రైవరుకు బస్సు ఒళ్లంతా ఎడమపక్కన ఉంటుంది. సందులో దూరినా, బండిని తప్పించినా, ఆ ఎడమపక్క ఎంత చోటు కావాలో నా భుజానికి తెలుసు. ఇక్కడ ఆ ఒళ్లంతా కుడిపక్కకు పోయింది. నా భుజానికి అది అందలేదు. ఆవరణలో పేర్చిన ఇటుకలకు బస్సు కుడి అంచు రాసుకుంది. నాకు నేనే గట్టిగా "ఏందిది, ఎద్దుకున్నంత గ్యానం ల్యాకపాయ" అనుకున్నాను.

పక్కన ఆఫీసు కిటికీలోంచి ఒకాయన తల బయట పెట్టాడు. నుదుట సన్నటి గంధం, చేతిలో కలం. "ఏ ఊరప్పా మీది?" అని తెలుగులో అడిగాడు.

ఆయన పేరు సుబ్బరామయ్య. పులివెందులలో అర్చకుల కుటుంబం. మద్రాసులో టైపు నేర్చుకుని, కువైట్‌కు గుమాస్తాగా వచ్చి అప్పటికి రెండేళ్లు. ఇంటి నుంచి బయలుదేరిన రోజు ముద్దనూరు దాకా నా బస్సులోనే వచ్చాడట. నాకు గుర్తు లేదు. ఆయనకు మాత్రం నా వీపు గుర్తుంది, డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు కాబట్టి. నేను ఆయన్ను సామీ అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను బాషా అనేవాడు. ఒంటరిగా వంట చేసుకునేవాడు. మా అక్క ఆయన కోసం విడిగా కొత్త గిన్నెలో పెరుగు తోడుపెట్టి పంపేది. ఆ ఊళ్లో మా ముగ్గురికీ ఆయనే చుట్టం.

మొదటి పరీక్షకు పెద్దగా భయం లేకుండానే పోయాను. పోలీసు అధికారి పక్కన కూర్చున్నాడు, మీసాల మనిషి, చేతిలో జపమాల. తిన్నని రోడ్డు మీద బాగానే తోలాను. ఆ ఊళ్లో రోడ్లు కలిసే చోటల్లా నడుమ గుండ్రటి పెద్ద దిమ్మె ఉంటుంది. దాని చుట్టూ తిరిగి మనకు కావలసిన రోడ్డులోకి పోవాలి. మొదటి దిమ్మె రాగానే ఇన్నేళ్ల అలవాటు నా చేతులను పట్టుకుంది. బండిని ఎడమకు తిప్పి దూర్చాను. ఎదురుగా మూడు కార్లు. అందరూ హారన్లు. అధికారి అరవలేదు. చెయ్యి ఎత్తి బండి ఆపించి, తలుపు తీసుకుని దిగి, ఎదురు వచ్చిన కార్లను తానే పక్కకు పంపి, పోలీసు ఠాణాకు నడుచుకుంటూ పోయాడు. మళ్లీ నా బండి ఎక్కనైనా ఎక్కలేదు.

బడులు తెరవడానికి ఇక మూడు వారాలే ఉన్నాయి. ఇంకొక్క పరీక్షకే అవకాశం. కాంట్రాక్టరు గౌస్ బావను పిలిచి, నీ మనిషికి ఏళ్ల అనుభవం అన్నావే అని అడిగాడట. బావ ఆ మాట నాతో అనలేదు. మా అక్క చెప్పింది. జమ్మలమడుగు బజారులో దండలు వేసినవాళ్లంతా కళ్ల ముందు కనిపించారు.

సాయంత్రం సుబ్బరామయ్య దగ్గర కూర్చుని జరిగింది చెప్పాను. ఆయన నేలమీద సుద్దముక్కతో గుండ్రంగా గీసి, "మన ఊర్లో దిమ్మెకు ప్రదక్షిణం చేస్తాం, అది కుడిచేతి పక్కుంటాది. ఈడ అప్రదక్షిణం చేస్తాండారు. మనకు చెయ్యి రాదు మరి" అన్నాడు.

ఆ గీత చూస్తుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయన హజ్‌కు పోయి వచ్చినవాడు. మా చిన్నప్పుడు నడింట్లో దిండు పెట్టి, కాబా చుట్టూ ఎట్లా తిరుగుతారో మాకు తిరిగి చూపించేవాడు. కాబా ఎప్పుడూ ఎడమచేతి పక్కన, గుండె ఉన్న వైపున ఉండాలని చెప్పేవాడు. నేను లేచి సుబ్బరామయ్య గీసిన గుండ్రం చుట్టూ ఆ పక్కనుంచి నడిచాను. కాళ్లకు అది కొత్త కాదు. "సామీ, ఇది నాకు ఎరకే" అన్నాను. ఆయనా లేచి నా వెనక నడిచాడు, పరీక్షించడానికి. ఆ రోజు తర్వాత ఏ దిమ్మె దగ్గరా నా చెయ్యి తప్పలేదు.

దిమ్మెల బాధ తీరింది గానీ తిన్నని రోడ్డు ఇంకా మిగిలి ఉందని మరుసటి శుక్రవారం తెలిసింది. సెలవు రోజు. షెడ్డు మేస్త్రీ దయతలచి ఒక పాత వ్యాను ఇచ్చాడు. సుబ్బరామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని జహ్రా అనే ఊరికి పోయే దారిలో బయలుదేరాను. ఊరు దాటితే రెండు పక్కలా ఇసుకే, నడుమ నల్లటి తారు. ఊళ్లో నాకు ముందర ఒక బండి ఉండేది, దాని వెనకే పోయేవాణ్ణి. ఇక్కడ ముందు లేదు, వెనక లేదు. రోడ్డు మధ్యలో గీత లేదు. సుబ్బరామయ్య పులివెందుల సంగతులు చెప్తున్నాడు. మేష్టరైన తన తమ్ముడికి పిల్ల కుదిరిందనీ, పెళ్లికి తాను పోలేననీ. వింటూ తోలుతున్నాను. ఊరి మాటలు వింటుంటే చేతులు కూడా ఊరికే పోయాయి. బండి ఎప్పుడు ఎడమపక్కకు పోయిందో నాకు తెలియదు.

చిన్న మిట్ట మీద ఎదురుగా ఒక లారీ కనిపించింది. నేను మన రోడ్డు మీద మామూలుగా చేసినట్టే ఇంకొంచెం ఎడమకు జరిగి దారి ఇచ్చాను. లారీవాడూ తన ఎడమకు జరిగి దారి ఇచ్చాడు. కిటికీలోంచి చెయ్యి ఎత్తాడు, నేనూ ఎత్తాను. ఎంతో మర్యాదగా ఒకరినొకరం దాటుకున్నాం. కొంత దూరం పోయాక సంగతి తట్టింది. బ్రేకు తొక్కాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ లారీ కూడా ఆగి ఉంది. దాని డ్రైవరు దిగి నిలబడ్డాడు.

సుబ్బరామయ్యకు ఏమీ అర్థం కాలేదు. "ఏమాయ బాషా? బాగానే పాయ గదా" అన్నాడు.

"మేమిద్దరం తప్పే పోయినాం సామీ. ఎవడో ఒకడు సరిగ్గా పోయుంటే ఈ పొద్దు ముగ్గురం ఈ ఇసుకలో ఉందుము."

నేను దిగి ఆ లారీ వైపు నడిచాను. ఆయన నా వైపు నడిచి వచ్చాడు. ఆరడుగుల పఠాను, పేరు గుల్ మహమ్మద్. పెషావరు వైపు నుంచి వచ్చి నెల కూడా కాలేదు. వాళ్ల దేశంలోనూ మనలాగే ఎడమపక్క. నాకు మా ఇంటి ఉర్దూ, ఆయనకు ఆయన ఉర్దూ. ఎవరం ముందు నవ్వామో గుర్తు లేదు. నవ్వుతూనే ఇద్దరం రోడ్డు పక్కన కూర్చుండిపోయాం. ఆయన లారీలోంచి రొట్టె, ఖర్జూరాలు తెచ్చాడు. సుబ్బరామయ్య ఖర్జూరం ఒకటి తీసుకుని, చాలాసేపు చేతిలోనే పెట్టుకున్నాడు. ఎడమపక్కన పుట్టినవాళ్లం, అల్లా ఈ ఒక్క పూటకు మన్నించాడు, రెండో పూట అడగొద్దు అన్నాడు గుల్ మహమ్మద్. ఇద్దరం బండ్లెక్కి, ఈసారి కుడిపక్కకు తెచ్చుకుని, ఎవరి దారిన వాళ్లం పోయాం.

తిరిగి వచ్చేటప్పుడు సుబ్బరామయ్య ఊరి కబుర్లు ఎత్తలేదు. రోడ్డునూ నన్నూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. ఊరు కనబడుతుండగా ఒక మాట అన్నాడు. "బాషా, మన బస్సులో నీ యెనక కూచుంటే ఎదురొచ్చే బండ్లు నీ పక్కన్నే పోతాండె. ఇప్పుడు గూడా నీ పక్కన్నే పోతాండాయి. నేను యాడున్నా? ఇసక పక్క. తోలేటోడు యా దేశంలో అయినా నడిరోడ్డు పక్కనే ఉండాడు గదా."

నాకు చప్పున వెలిగింది. కుడి, ఎడమ అని జపం చేయడం వల్ల ప్రయోజనం లేదు. నేను రోడ్డు నడుమ వైపు ఉన్నానా, నా పక్కవాడు అంచు వైపు ఉన్నాడా, అంతే చూసుకోవాలి. బయలుదేరే ప్రతిసారీ ఆ ఒక్కటి చూసుకున్నాను. ఇది చదివి పోయేవాళ్లకు నేను చెప్పగలిగిన అసలు సంగతి ఇదే. మిగతావన్నీ పది రోజుల్లో వాటంతటవే వస్తాయి.

రెండో పరీక్షకూ ఆ మీసాల అధికారే వచ్చాడు. నన్ను చూసి గుర్తుపట్టి, కూర్చునే ముందు తలుపు పిడి ఒకసారి తిప్పి చూసుకున్నాడు, దిగాల్సి వస్తే సులువుగా ఉండాలని కాబోలు. నాలుగు దిమ్మెలు తిప్పించాడు. బజారు సందులో వెనక్కి తోలించాడు. చేపల రేవు దాకా తీసుకుపోయి, గాడిదబండ్ల మధ్య నుంచి రమ్మన్నాడు. గాడిదబండ్లు నాకు పండుగ. జమ్మలమడుగు సంతలో పెరిగినవాణ్ణి. ఠాణా ముందు ఆపాక జపమాల జేబులో పెట్టుకుని "జైన్" అన్నాడు. అరబ్బీలో బాగుంది అని. గౌస్ బావ ఠాణా గోడ వెనక నిలబడి ఉన్నాడు. ఆ పొద్దు దుకాణం మూసేసి వచ్చాడని తర్వాత తెలిసింది. నన్ను కౌగిలించుకుని ముందు నడిచాడు.

బడులు తెరిచారు. పొద్దున ఆరున్నరకు బండి తీసి, వీధి వీధి తిరిగి ఆడపిల్లలను ఎక్కించుకుని బడిలో దించాలి. మధ్యాహ్నం మళ్లీ ఇళ్లకు. పిల్లలను చూసుకోవడానికి బస్సులో ఉమ్మె హసన్ అనే పెద్దావిడ ఉండేది. తలుపు దగ్గర కూర్చుని, ఒక్కొక్క పిల్లనూ చెయ్యి పట్టి దించేది. పేర్లన్నీ నేను నేర్చుకున్నాను. వాళ్లు నన్ను "బాసా, బాసా" అనేవాళ్లు, అచ్చం మా ఊరి పల్లెల్లో పిలిచినట్టే.

ఆ ఊరికి వాన చుట్టం చూపుగా వస్తుంది. వచ్చిందంటే మాత్రం కాలువలు లేవు, చెరువులు లేవు, పోయే దారి లేదు. రెండో ఏడు చలికాలంలో, బడి వదిలే వేళకు కుండపోతగా కురిసింది. నేను పిల్లలతో బయలుదేరి పల్లపు రోడ్డు దగ్గరకు వచ్చేసరికి అది వాగులా పారుతోంది. నడుమ మా షెడ్డు బస్సులే రెండు ఆగిపోయి ఉన్నాయి. ఇంజనులోకి నీళ్లు పోయాయి. లోపల పిల్లలు కిటికీలకు అంటుకుని ఏడుస్తున్నారు. ఆ డ్రైవర్లిద్దరూ మంచివాళ్లే, ఎడారి ఇసుకలో లారీలు తోలినవాళ్లే. నీళ్లలో తోలే అవసరం వాళ్లకు ఎప్పుడూ రాలేదు.

నాకు ఆ నీళ్లు చూడగానే చేతులు నావి నాకు తిరిగి వచ్చినట్టయింది. బస్సు మిట్ట మీద ఆపి, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి దిగాను. మన వాగుల్లో చేసినట్టే ముందు నేను నడిచి చూశాను. కాలి కింద తారు గట్టిగా తగులుతోంది, ఒకచోట మాత్రం అంచు కోసుకుపోయింది. లోతు మోకాలి దాకా. తిరిగి వచ్చి, ఇంజను ముందరి ఫ్యాను నీళ్లు చిమ్మకుండా దాని బెల్టు ఊడదీశాను. రేడియేటరు ముందు గోనెసంచి కట్టాను. మొదటి గేరులో వేసి, యాక్సిలేటరు మీద కాలు ఎత్తకుండా, ఆపకుండా, గేరు మార్చకుండా పోవాలి. పొగగొట్టంలోకి నీళ్లు పోతే అంతే సంగతులు. అన్ని రోజులూ నేను కుడిపక్క, కుడిపక్క అని ఒళ్లు దగ్గర పెట్టుకుని తోలాను. ఆ నీళ్లలో కుడి లేదు, ఎడమ లేదు. రోడ్డు నడిమి మిట్ట ఎక్కడుందో పట్టుకుని దాని మీదే పోయాను. ఉమ్మె హసన్ అల్లా పేరు చదువుతోంది.

అవతల గట్టు మీద వాళ్లను దించి, మళ్లీ వెనక్కి నీళ్లలోకి వచ్చాను. ఆగిపోయిన బస్సుల పక్కన, చక్రాలు తిరుగుతూ ఉండగానే నెమ్మదించాను. ఆ డ్రైవర్లు నీళ్లలో నిలబడి పిల్లలను ఒక్కొక్కరినీ ఎత్తి మా తలుపులోకి అందించారు. రెండు బస్సుల పిల్లలనూ అట్లాగే తెచ్చాను. ఆఖరి తడవకు నీళ్లు మెట్టు ఎక్కాయి. బండి ఆగలేదు. అవతల గట్టు మీద పిల్లల తండ్రులు గుమిగూడి ఉన్నారు. ఒకాయన తన పైగుడ్డ తీసి నా భుజాల మీద కప్పి, నా తల పట్టుకుని నుదుట ముద్దు పెట్టాడు. ఆయన ఎవరో, ఏ పిల్ల తండ్రో ఇప్పటికీ నాకు తెలియదు.

మరునాడు బడి పెద్ద పంతులమ్మ కబురు చేసింది. మాట తెలియదు కాబట్టి సుబ్బరామయ్య తోడు వచ్చాడు. నీళ్లలో తోలడం ఎక్కడ నేర్చుకున్నావని ఆమె అడిగింది. నేను చెప్పాను. సుబ్బరామయ్య దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. నేను చెప్పింది ఒక్క ముక్క, "పులివెందుల రోడ్డు మీద" అని. ఆయన చెప్పింది మాత్రం చాలాసేపు సాగింది. బయటికి వచ్చాక ఏం చెప్పినావు సామీ అని అడిగాను.

"ఉన్నదే చెప్పినా. ఆ ఊరు మాది అని గూడా చెప్పినా" అన్నాడు, కళ్లజోడు తుడుచుకుంటూ.

కాంట్రాక్టు ముగిసి తిరుగు ప్రయాణం కట్టాను. రేవులో గౌస్ బావ, అక్క, సుబ్బరామయ్య నిలబడ్డారు. కొత్తగా వచ్చిన డ్రైవర్లు ఇద్దరు కూడా వచ్చారు, వాళ్లకు కుడిపక్క దారి నేర్పింది నేనే. ఓడలో పోయినప్పటికంటే వచ్చేటప్పుడు చోటు ఎక్కువ దొరుకుతుంది, సామాను మాత్రం ఎక్కువ. బొంబాయిలో దిగి ట్రాము దగ్గరకు పోతూ ఎడమవైపు చూసి కాలు పెట్టాను. ఈసారి కాలరు పట్టడానికి బావ లేడు, విక్టోరియా గుర్రబ్బండివాడు తిట్టిన తిట్టుకే వెనక్కి వచ్చాను. మెడను మళ్లీ మన పక్కకు తిప్పుకోవడానికి బొంబాయిలో ఒక రోజు పట్టింది. తిరిగి వచ్చేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. పోయేటప్పుడు అందరూ జాగ్రత్తగా ఉంటారు. వచ్చేటప్పుడు మన ఊరే కదా అని మెడ వదిలేస్తారు.

రైలు ముద్దనూరుకు పొద్దున చేరింది. ఖైరున్, షమీమ్ స్టేషనుకు వచ్చారు. పాప నన్ను ఎరగదు. తల్లి కొంగు వెనక నుంచి చూసింది. బయట జమ్మలమడుగు బస్సు సిద్ధంగా ఉంది. డ్రైవరు ఓబులేసు, నాకంటే చిన్నవాడు, ఆ రూటుకు నా తర్వాత వచ్చినవాడు. సామాను పైకి ఎక్కించి, వీధి చివరికి వచ్చాక బండి ఆపి, సీటులోంచి లేచాడు.

"నువ్వు కూచో మామా."

వద్దన్నాను. మూడేళ్లు ఆ పక్క తోలిన చేతులు, బండి నిండా జనం, నాకు ధైర్యం చాలదన్నాను. ముందు సీట్లో ఉన్న ఖైరున్ పాపను కడ్డీ దగ్గర నిలబెట్టింది. "కూచో. నువ్వు తోలేది బిడ్డ సూసిండ్లేదు" అంది.

కూర్చున్నాను. గేరు కోసం కుడిచెయ్యి చాపితే తలుపు తగిలింది. ఓబులేసు నవ్వాపుకున్నాడు. నేను ఒక్క నిమిషం ఊరికే కూర్చుని రోడ్డు చూశాను. రోడ్డు నడుమ ఎటు ఉందో చూసుకుని బండి కదిలించాను. ఎదురుగా ఎద్దుల బండ్లు వరసగా వచ్చాయి. తర్వాత మలుపులో సిమెంటు లారీ. బస్సు దానంతటదే వెళ్లినట్టు ఎడమకు ఒదిగింది. నా భుజానికి పాత ఒళ్లు తెలిసింది. రెండు దేశాల రోడ్లు ఒకే ఒంట్లో పట్టాయని, ఒకటి వచ్చిందని రెండోది పోలేదని అప్పుడు అర్థమైంది. ఈ ప్రయాణం మొత్తంలో నేను సంపాదించుకొచ్చింది అదే అనుకుంటాను. అద్దంలో చూస్తే షమీమ్ కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. పక్కనున్న ఆవిడతో, "మా అబ్బ తోల్తాండాడు" అని చెప్తోంది.

జమ్మలమడుగులో బస్సు ఆపాను. జనం దిగుతున్నారు. గంపలో కోళ్లు పెట్టుకుని ఒక ముసలావిడ అందరికంటే చివర దిగింది. ఎక్కినప్పటి నుంచి కునుకు తీస్తూ వచ్చిన మనిషి. మెట్టు దిగి, గంప సర్దుకుని, నా కిటికీ కిందికి వచ్చి, "కుదుపు ల్యాకుండా తెచ్చినావు నాయనా" అని చెప్పి పోయింది.

ఆమెకు డ్రైవరు మారిన సంగతే తెలియదు.